కూలిన గోడ మట్టి

చలి విరిగేవేళ మా ఖోరెజ్మ్ ప్రాంతంలో ప్రతి ఇంటివాళ్ళూ పెరట్లోకి కాలువ నీళ్ళు వదులుతారు. పైకి తేలిన తెల్లటి ఉప్పును అలా కడిగి కిందికి దింపితే తప్ప ఏదీ మొలవదు. అందరూ నేల నానేదాకా వదిలితే, పక్కింటి ఇంతిజార్ చెరువయ్యేదాకా వదిలింది. తెల్లారేసరికి మా రెండిళ్ళ మధ్య మట్టిగోడ నానిపోయి కూలబడింది.

నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఇంతిజార్ బురదలో పార పట్టుకుని నిలబడి ఉంది.

“నేల కడగమంటే మా గోడను కడిగేశావే,” అన్నాను.

“మీ గోడ ముసలిదైతే నేనేం చేయను జుమా? గట్టిగా తుమ్మినా పడేదే.”

“అయితే తుమ్మకపోయావా, నీళ్ళన్నా మిగిలేవి.”

నవ్వుతుందనుకున్నాను. కళ్ళు తుడుచుకుంది. చెంపకు బురదంటుకుంది.

“నిరుడు టమాటా నారంతా ఉప్పుకు మాడిపోయింది. ఈ ఏడు కూడా పండకపోతే ఇల్లమ్మేసి ఉర్గెంచ్ పట్నంలో మావయ్య దగ్గరికి వెళ్ళిపోదామంటోంది అమ్మ. అందుకే నీళ్ళు కాస్త ఎక్కువ పెట్టాను.”

ఆమె తిట్లు వినపడని పెరట్లో నేనేం చేసుకోను?

ఇంతలో నానమ్మ వచ్చి చేతికర్రతో ఒక మట్టిపెళ్ళను పొడిచి చూసింది.

“ఏడుస్తావేంటే పిచ్చిపిల్లా. మీ తాతా, మా ఆయనా కలిసి తొక్కిన మట్టి ఇది. ఇన్నేళ్ళు ఎండనీ మంచునీ తాగింది. ఇంతకు మించిన ఎరువు నేనెరగను. అడుగున తెల్లగా ఉప్పు పట్టినంత మేర పారేయండి. మిగతాది పొడి చేసి, బాగా మాగిన గొర్రెల పెంటతో కలిపి చల్లండి.”

“మరి గోడో?” అన్నాను.

“నీకేం తొందరరా?”

పెళ్ళలు పగలగొట్టడం నా వంతు, చల్లడం ఆమె వంతు. ఉప్పు మళ్ళీ తేలిందేమోనని ఆమె రోజూ నేలకేసి చూసేది. నేను ఆమెకేసి చూసేవాణ్ణి. ఒకరోజు వానొస్తే ఇద్దరం ఒకే గోనెసంచి కప్పుకుని నిలబడ్డాం.

“పెంట కంపు కొడుతున్నావు,” అంది.

“నువ్వేమో గులాబీ తోటలోంచి వచ్చావు మరి.”

అలా అన్నామే గానీ, ఇద్దరం పక్కకు జరగలేదు.

ఎండాకాలానికి ఆమె నాటిన టమాటా మొక్కలు కాయల బరువుకు వంగిపోయాయి. ఇంతిజార్ వాళ్ళమ్మ గిన్నెనిండా టమాటాలు తెచ్చి నానమ్మ ఒళ్ళో పెట్టింది.

“మీ గోడ మమ్మల్ని ఈ ఊళ్ళో నిలబెట్టిందత్తా. మీ మేలు మరిచిపోలేను. కొత్త గోడకు మట్టి నేను తోలిస్తాను.”

ఇక ఆగలేకపోయాను.

“గోడొద్దు అత్తయ్యా. అది పడ్డప్పట్నుంచే నా బతుకు బాగుంది. మీరు ఒప్పుకుంటే… ఇంతిజార్‌ని నాకివ్వండి.”

ఆవిడ కూతురివైపు చూసింది. ఇంతిజార్ తలెత్తలేదు గానీ, మాట మాత్రం తడబడలేదు.

“గోడ కూల్చింది నేనేగా అమ్మా. ఆ నష్టం నేనే తీర్చాలి.”

నానమ్మ ఇంకేమీ అడగలేదు. లోపలికెళ్ళి గుండ్రటి రొట్టెలు రెండు తెచ్చింది. మా వైపు సంబంధం ఖాయమైతే పెద్దలు రొట్టె విరుస్తారు. నానమ్మ ఒకటి, వాళ్ళమ్మ ఒకటి విరిచి, దీవించి, అరచేతులతో ముఖం తడుముకున్నారు. ఆ మట్టి తొక్కిన తాతలిద్దరికీ నేను మనసులోనే దండం పెట్టుకున్నాను.

నానమ్మ టమాటా కోసి, “కాస్త ఉప్పు తేవే,” అంది.

“ఈ పెరట్లో ఆ పేరెత్తకు నానమ్మా,” అంది ఇంతిజార్.