దగ్గు లేని వీడియో

కోటేష్ శవం పొగాకు ఆరబెట్టే బ్యారన్ గోడకు ఆనుకుని ఉంది. తల పగిలింది. చుట్టూ విరిగిన కర్రలు. టైము సాయంత్రం ఐదూ నలభై.

కొట్టిన పదకొండు మందీ పారిపోలేదు. పైగా ఎస్సై షాహిస్తానే దబాయించారు.

"మా అంకమ్మరావు మిరప కల్లం తగలబెట్టాడండీ! చేతికొచ్చిన పంట. ఊరుకుంటామా?"

"తగలబెడుతుంటే చూశారా?"

"వీడియో చూశాం."

"కల్లం దగ్గరికి వెళ్లారా?"

"వెళ్లడమెందుకండీ? ఫోన్లో కనపడుతుంటే!"

షాహిస్తాకు ఒళ్లు మండిపోయింది. అద్దంకి పక్కనున్న ఆ పల్లెలో పార్టీకొక వాట్సాప్ గ్రూపు. ఒక గ్రూపువాళ్లు రెండో గ్రూపువాళ్ల పెళ్లికి వెళ్లరు, చావుకూ వెళ్లరు. పక్కపక్క చేలవాళ్లే! ఫోను చేతికొచ్చేసరికి బుద్ధి గడ్డి తింది.

తన గ్రూపులో వీడియో పెట్టింది అంకమ్మరావే. కోటేష్ ది రెండో గ్రూపు. నాలుగూ ఐదు నిమిషాలకి. నిడివి నలభై రెండు సెకన్లు. గోనెలు కప్పిన కుప్ప భగభగ మండుతోంది. గాలికి పొగంతా కెమెరా మీదికే వస్తోంది. అతను గొంతెత్తి అరుస్తున్నాడు.

"కోటేష్ గాడే! బండి మీద పారిపోయాడు! నలభై టిక్కీ బస్తాల కాయ బూడిద చేశాడు! మనోళ్లలో మగాళ్లుంటే కదలండ్రా!"

కోటేష్ భార్య శ్రీరమ్య ఏడవలేదు.

"కొట్టినవాళ్లు కాదు మేడమ్. కొట్టించినవాడు కావాలి నాకు."

షాహిస్తాకూ వాడే కావాలి.

మర్నాడు ఉదయం పదింటికి అందరినీ కల్లానికి పిలిపించింది. రెండు గ్రూపుల పెద్దలు చెరోపక్క నిలబడ్డారు. మధ్యలో బూడిద.

"వీడియో తీసేటప్పుడు కుప్పకి ఎంత దూరంలో ఉన్నారు?"

"పదడుగులమ్మా" అన్నాడు అంకమ్మరావు.

"కుప్పలో ఏమున్నాయి?"

"ఇంకేముంటాయి? ఎండు మిరపకాయలు!"

షాహిస్తా తల ఊపింది. హెడ్ కానిస్టేబుల్ మాబు సాహెబ్ కుంపటి తెచ్చి గాలి వచ్చే వైపు పెట్టాడు. నిప్పుల మీద గుప్పెడు మిరపకాయలు పోశాడు.

అంతే. అందరూ ఒకటే దగ్గు. కళ్లలో నీళ్లు. రెండు గ్రూపులూ ఏకమై ఒక పని చేయడం ఆ ఊళ్లో చాలాకాలానికి అదే మొదలు.

కుంపటి ఆర్పించి, షాహిస్తా వీడియో పెట్టింది.

"గుప్పెడు కాయలకే గొంతు పెగల్లేదు. నలభై టిక్కీలు పదడుగుల దూరంలో కాలుతున్నాయి. పొగ నీ మొహానికే కొడుతోంది. ఒక్కసారైనా దగ్గావా?"

షాహిస్తా కాలితో బూడిద కెలికి, సగం కాలిన పుల్లొకటి పైకి తీసింది.

"కాలింది పత్తికట్టె. నీ కాయలు నిన్న పొద్దున్నే కోల్డ్ స్టోరేజీకి చేరాయి. రసీదు నా దగ్గరుంది."

ఒక పెద్దాయన తల పట్టుకున్నాడు. "మిరప చేలల్లో పుట్టి పెరిగాం. మాకెందుకు తట్టలేదమ్మా?"

"కోటేషే చేశాడని మీకు ముందే నమ్మకం. ఇంక ఆలోచించే పనేముంది?"

అంకమ్మరావు ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు.

"అవును, నేనే! నా భార్య వెంకటేశ్వరమ్మ పోయిన రోజు అప్పట్లో ఊరందరికీ కలిపి ఉన్న గ్రూపులో ఆమె ఫొటో పెట్టాను. దాని కింద పగలబడి నవ్వే బొమ్మ పెట్టాడు వాడు! రెండేళ్లు ఆ బొమ్మ చూస్తూనే ఉన్నా. జనం చేత కొట్టించి చంపాలనుకున్నా. చంపించా. చల్లబడింది నా కడుపు!"

శ్రీరమ్య నెమ్మదిగా ముందుకొచ్చింది.

"ఆ రోజు మా ఆయన ఫోను నా చేతిలో ఉంది బాబాయ్."

అంకమ్మరావుకు అర్థం కాలేదు.

"మా మామగారు పోతే మీ గ్రూపంతా నవ్వారుగా. అందుకే ఆ బొమ్మ నేను నొక్కాను. ఆయన చూసి నన్ను తిట్టారు. మీ కాళ్లు పట్టుకుని క్షమాపణ చెబుతానని రెండుసార్లు బయల్దేరారు. నేనే పోనివ్వలేదు."

అంకమ్మరావు బూడిదలోనే కూలబడ్డాడు.

ఈ మాట చెప్పకపోయినా కేసు నిలబడేది. జైల్లో వాడు పగ తీర్చుకున్న తృప్తితో బతికేసేవాడు. ఆ తృప్తి కూడా మిగల్చలేదు శ్రీరమ్య. షాహిస్తాకు ఆమె మీద జాలీ కలిగింది, భయమూ వేసింది.

"నీ పగ నా మీద తీర్చుకోవాల్సింది బాబాయ్" అంది శ్రీరమ్య. "ఇదిగో, బతికే ఉన్నాను."