ఒక చేతికి వచ్చినంత

రైలు నడిపే డ్రైవరు ముందుకు చూస్తాడు. వెనక్కి చూసేవాడు గార్డు. ఎవరైనా మెట్టు మీద వేలాడుతున్నారా, ఏ తల్లైనా పిల్లను ప్లాట్‌ఫారం మీద మరిచిపోయి ఎక్కిందా, ఇవన్నీ చూసుకున్నాకే పచ్చజెండా ఊపుతాడు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ పని చేసి రిటైరైన గార్డు తాత ఈ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు. అడక్కపోయినా చెప్పేవాడు. "నా బండెక్కిన మనిషి ఒక్కడు కూడా తప్పిపోలేదు" అనేది ఆఖరి మాట. అందులో అబద్ధం లేదు. ఆయన అబద్ధమాడింది ఒకేఒక్కసారి. అది ఈ కథలో వస్తుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కూతురు కారు తీసి, పళ్ళు ఎవరికి వాళ్ళే కోసుకునే తోట ఒకటుందట, పోదాం రమ్మంది. ఆమె పక్క సీట్లో ఆమె మామగారు, వెనక సీట్లో గార్డు తాత, ఆయన ఒళ్ళో ఐదేళ్ళ మనవరాలు. మామగారంటే తాతకు వియ్యంకుడు, పళ్ళ డాక్టరు. వియ్యంకులు ఒకే కారులో ఎక్కితే దారిపొడుగునా పెట్రోలు కంటే మాటలే ఎక్కువ ఖర్చవుతాయి.

"పళ్ళు పీకడం నా వృత్తి బావగారూ. ఇవాళ నాతో మీరు సరిరారు" అన్నాడు డాక్టరు.

"మీరు పీకితే జనం అరిచేవారు. నేను విజిల్ ఊదితే బండే కదిలేది."

"కోతలు కొయ్యడంలో మాత్రం మీరే ఫస్టు. పళ్ళ కోత సంగతి చూద్దాం. ఓడినవాళ్ళు జామ్ కాచిన గిన్నె తోమాలి."

"మాట తప్పకూడదు మరి!"

పాప చప్పట్లు కొట్టింది.

తోట ముందు రేకుల షెడ్డు. అందులో ఒకామె నడుముకు కట్టుకునే చిన్న బకెట్లు ఇస్తోంది. వెనకాల బ్లాక్‌బెర్రీ పొదలు, తీగెలకు ఎక్కించి కట్టినవి, నిలువెత్తు మనిషికంటే ఎత్తు. రెండేసి పొదల వరసల మధ్య సన్నటి దారి. ఆ దారిని ఆమె చాలు అంటోంది. తెలుగు చిత్రమైన భాష. చాలు అంటే నాగలి గీసిన వరస. చాలు అంటే ఇక వద్దు అని కూడా.

తోటామె తాత నడుముకు బకెట్ కడుతూ, "పిల్ల చెయ్యి వదలకండి పెద్దాయనా. ఒక చేతికి వచ్చినంత కోసుకోండి" అంది.

"ఒక చేత్తో ఎలాగమ్మా? ముళ్ళకొమ్మ పైకెత్తడానికే ఒక చెయ్యి కావాలాయె."

"అందుకే చెబుతున్నాను. లోపల ఎవరైనా 'చాలా?' అని అడిగితే, చాలు అనండి. ఇంకా కావాలనకండి." ఆమె నవ్వలేదు.

"పళ్ళు కోసుకోవద్దనే పళ్ళతోటను ఇప్పుడే చూస్తున్నా" అని డాక్టరు తాత చెవిలో గొణిగాడు. తాత కిసుక్కున నవ్వాడు. తర్వాత చాలా రోజులు ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు ఒళ్ళు చచ్చిపోయేది.

మొదట అంతా బాగానే ఉంది. ఎడమచేతిలో పాప చెయ్యి, కుడిచేత్తో అందినవి కోయడం. మాగిన పండు తాకితే చాలు, వేళ్ళలోకి వచ్చేస్తుంది. లాగాల్సి వచ్చిందంటే పచ్చిదన్నమాట. పాప పెదాలు నల్లగా అయ్యాయి. రెండు చాళ్ళ అవతల నుంచి డాక్టరు కేక వినిపించింది.

"సగం నిండింది బావగారూ! మీ బండి ఏ స్టేషన్లో ఆగింది?"

తాత బకెట్లోకి చూసుకున్నాడు. అడుగు కూడా కనబడుతోంది.

"నా చొక్కా పట్టుకోమ్మా, కాసేపే" అని పాప చెయ్యి వదిలాడు.

రెండు చేతులూ ఖాళీ అయ్యేసరికి కోత జోరందుకుంది. కొమ్మల అడుగున దాక్కున్న గుత్తులు, బొటనవేలంత పళ్ళు. కాసేపటికి చొక్కా కొస మీద ఉన్న బరువు పోయింది. ఆయనకు తెలియలేదని కాదు. తెలిసింది. ఈ గుత్తి ఒక్కటి కోసి తిరుగుదాం అనుకున్నాడు. తర్వాత ఇంకో గుత్తి.

ఎప్పుడు కమ్మిందో, పొదల మీదికి మంచు దిగింది. కేకలు వినిపించడం మానేశాయి. తడి మట్టి వాసన, దాని వెనకే బాగా పులిసిపోయిన పళ్ళ వాసన. పొద అవతలి నుంచి ఆకులు కదిలాయి. ముళ్ళ మధ్య నుంచి ఒక చిన్న చెయ్యి వచ్చింది. అరచేతి నిండా పళ్ళు.

"అటెప్పుడు వెళ్ళావే?" అని తీసుకుని బకెట్లో వేసుకున్నాడు.

"చాలా?" అంది గొంతు, మెల్లిగా.

"ఇంకా తల్లీ."

మళ్ళీ చెయ్యి. మళ్ళీ పళ్ళు. ఈసారి కాస్త ముందుకు నడిచి అందుకోవాల్సి వచ్చింది.

"చాలా?"

"ఇంకా... ఇంకా."

బకెట్ నిండుతోంది. డాక్టరు ముఖం ఎలా మాడుతుందో తలచుకుని ఆయన లోలోపల మురిసిపోతున్నాడు. అన్ని ముళ్ళలోంచి వస్తున్న ఆ చేతి మీద ఒక్క గీత కూడా లేదు. అది కూడా చూశాడు. చూసి, పళ్ళు తీసుకున్నాడు.

షెడ్డు దగ్గర తోట మూసే గంట మోగింది.

"చాలు, పదమ్మా" అని తాత వెనుదిరిగాడు. వెనకాల చిన్న అడుగులు. చప్... చప్... చప్... బురదలో. షెడ్డు దాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. ముప్ఫై నాలుగేళ్ళు వెనక్కి చూడడమే పనిగా బతికిన మనిషి, నిండిన బకెట్‌నే చూసుకుంటూ నడిచాడు.

షెడ్డు దగ్గర కూతురు ఆయన వెనక్కి చూసింది.

"నాన్నా... పాపేదీ?"

అడుగుల చప్పుడు ఆగిపోయింది.

అందరూ చూస్తున్నారు. వియ్యంకుడు సగం బకెట్‌తో నిలబడి చూస్తున్నాడు. తోటామె తాత బకెట్ కేసి చూస్తోంది. తాత నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

"చెయ్యి విడిపించుకుని పరిగెత్తిందమ్మా. ఎంత పిలిచినా వినలేదు."

అదీ ఆ అబద్ధం.

వెతికారు. పొద్దు గుంకుతోంది. మంచులో టార్చి వెలుగు మూడు గజాలు కూడా పోవడం లేదు. కూతురు పిలుపు ఏడుపైంది. గార్డు తాత చాలు చాలూ తిరిగాడు, ముళ్ళు చేతులు చీరేస్తున్నా. అప్పుడు గుర్తొచ్చింది. ఆ గొంతు ఒక్కసారి కూడా "తాతయ్యా" అనలేదు. పాప ఆ మాట లేకుండా మంచినీళ్ళు కూడా అడగదు.

ఆయన చెయ్యి వదిలిన చోటే దొరికింది పాప. కదల్లేదు. ఏడవడం లేదు. ఎడమచెయ్యి పైకెత్తి నిలబడి ఉంది. తల్లి దగ్గరికి లాక్కుంటే ఆ చెయ్యి ఓ పట్టాన రాలేదు. కాస్త గట్టిగా లాగాల్సి వచ్చింది.

"తాతయ్య చెయ్యి వదిలేసి పోతావా? పోతావా మళ్ళీ?" అని కూతురు పాప వీపు మీద రెండు వేసింది. పాప తెల్లబోయి తాతకేసి చూసింది. అబద్ధమని చెప్పలేదు. ఆ చూపు ముందు ఆయన తల దించుకుని, బకెట్‌లోని పళ్ళను పొద మొదట్లో పారబోశాడు. దెబ్బలు మాత్రం పాపే తిన్నది.

కారులో డాక్టరు గిన్నె ఊసెత్తలేదు. రోడ్డు మీద దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. తాత ముందు సీటు వైపు వంగాడు.

"అమ్మాయ్... దాన్ని ఏమీ అనకు. చెయ్యి వదిలింది అది కాదు. నేనే. పళ్ళకోసం వదిలేశాను. ఇందాక నీతో అబద్ధం చెప్పాను."

అద్దంలో కూతురు కళ్ళు ఆయన మీద నిలిచాయి. డాక్టరు కిటికీ వైపు తిరిగాడు. సిగ్గుతో తాత రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని ముడుచుకుపోయాడు.

పక్కన నిద్రమత్తులో ఉన్న పాప కళ్ళు తెరవకుండానే అంది.

"కాదమ్మా. తాతయ్య అస్సలు వదల్లేదు. నువ్వు కొట్టినా వదల్లేదు."

తాత తల తిప్పి చూశాడు. పాప కుడిచెయ్యి ఆయన తొడ మీద ఉంది. ఎడమచెయ్యి అవతలి వైపు, కిటికీ దగ్గర, ఖాళీలోకి చాచి ఉంది. మణికట్టు చుట్టూ నాలుగు చోట్ల చర్మం లోపలికి నొక్కుకుపోయింది. ఆయన చూస్తుండగానే, ఐదోచోట కూడా మెల్లిగా... లోపలికి...