పుప్పొడిలో మిగిలిన అడవి

అప్పటికి గోదావరి పాయల దగ్గర సముద్రం చాలా లోపలికి వచ్చేసింది. శిక్షణ కేంద్రం కూడా నీటి మీదే తేలుతూ ఉండేది. ఉదయం పడవలో వచ్చిన భూగర్భ శాస్త్రవేత్తలు సాయంత్రం పడవలోనే ఇళ్ళకు వెళ్ళేవారు. బళ్ళకూ కరెంటుకూ చమురు కాల్చడం ఏనాడో మానేసినా, రాకెట్ల ఇంధనానికీ మందుల తయారీకీ దాని అవసరం తీరలేదు. దాన్ని వెతకడం నేర్పే పని హైమవతిది.

ఆమె కనిపెట్టిన యంత్రం పేరు వనదర్శిని. భూమి లోతుల నుంచి తీసిన రాతిముక్కలను అందులో వేస్తే, ఆసిడ్‌లో రాయి కరిగిపోయి కోట్ల ఏళ్ళ నాటి పుప్పొడి రేణువులు మిగులుతాయి. ఏ రేణువు ఏ చెట్టుదో యంత్రం పోల్చుకుంటుంది. రేణువు లేత పసుపుగా ఉంటే ఆ రాయికి చాలినంత వేడి తగల్లేదని అర్థం. ముదురు గోధుమరంగుకు తిరిగితే చమురు పుట్టే వేడి తగిలినట్టు. నల్లబడితే వేడి మితిమీరినట్టు. ఇంతవరకూ పాత విద్యే. ఆ పైది హైమవతి సృష్టి. యంత్రానికి తగిలించిన శిరస్త్రాణం పెట్టుకున్న మనిషి ఆ రేణువులు రాలిన అడవిలోకే వెళ్ళి నిలబడతాడు. ఆకుల తడి, బురద వాసన, గాలి మోత అన్నీ అతనికి తెలుస్తాయి.

పైవాళ్ళకు చెప్పని ఆశ ఒకటి ఆమె మనసులో ఉండేది. అలాంటి అడవిలో ఒక్కసారి నడిచినవాడికి బతికున్న అడవిని కొట్టడానికి చేతులు రావని.

ఆ ఏడాది శిక్షణకు వచ్చినవాళ్ళలో ఓలేటి నూకరాజు ఒకడు. ఆ తీరంలో మిగిలిన ఆఖరి మడ అడవి పక్కనే పుట్టి పెరిగాడు. అతని తండ్రి ఆ మడల్లోనే పీతలు పట్టేవాడు. సరిగ్గా దాని కిందే చమురు ఉందేమోనని చమురు కంపెనీవాళ్ళ అనుమానం. ఉందని తేలితే అడవి కొట్టేస్తారు. అక్కడి లోతుల్లోంచి తీసిన రాతిముక్కలను హైమవతి కావాలనే నూకరాజు చేతికిచ్చింది.

అతను శిరస్త్రాణం తీసేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏం చూశావు?" అని హైమవతి మెల్లగా అడిగింది.

"మా మడేనండి. ఇప్పటిది కాదు, అంతే. వేళ్ళ మధ్యకి పోటునీరు వస్తుంటే మా నాన్న గుర్తొచ్చాడు." కళ్ళు తుడుచుకున్నాడు. "ఆకులు కుళ్ళి పేరుకున్న చోటు తూర్పు పక్కనుంది మేడమ్. రేణువులు ముదురు గోధుమరంగే. చమురు అక్కడే పుట్టుంటుంది. బావి వేసుకోవచ్చండి."

తాను సరిగా వినలేదనుకుంది హైమవతి. "దాని పైన ఏముందో నీకు తెలుసుగా నూకరాజూ."

"తెలుసండి. చిన్నప్పుడంతా అందులోనే తిరిగాను."

"తెలిసే చెబుతున్నావా?"

"పోతుందని ఎందుకనుకోవాలండి? కోట్ల ఏళ్ళ కిందట పోయిన అడవిలో ఇప్పుడే కదా తిరిగొచ్చాను. కొట్టేముందు మా మడ పుప్పొడి కూడా తీసి దాచుకుందాం. మా పిల్లలు ఎప్పుడు కావాలంటే అప్పుడు నడుస్తారు. దోమలు కూడా ఉండవు."

"మరి పీతలు?"

"యంత్రం కల్పిస్తుంది కదండీ."

అతని గొంతులో దురాశ లేదు, మోసం లేదు. ఆ అడవి మీద ప్రేమే ఉంది. అదే హైమవతిని ఎక్కువ భయపెట్టింది. కాదని గట్టిగా చెప్పడానికే నోరు తెరిచింది. కానీ ఆ క్షణాన ఇంకో ఆలోచన అడ్డొచ్చింది. ఇన్నాళ్ళూ వనదర్శినిలో వేసినవన్నీ రాతిలో నలిగి, ఉడికి, సగం చెరిగిపోయిన రేణువులే. అప్పుడే విచ్చిన పూల పుప్పొడి వేస్తే అడవి ఎంత స్పష్టంగా కనిపిస్తుందో.

"తెల్లమడ ఎండాకాలంలోగాని పూయదు," అంది. "నరకడం అప్పటిదాకా ఆపమని కంపెనీవాళ్ళకు చెప్పు."

"ఆయ్, చెబుతానండి," అని నూకరాజు పడవ వైపు నడిచాడు.

తాను దేనికి ఒప్పుకుందో ఆమెకు అప్పుడు తెలిసింది. వెనక్కి పిలవాలనుకుంది. పడవ కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడింది గానీ పిలవలేదు.