ముందస్తు ఓటు

"ఈ హామీకి పదికి రెండు," అన్నాడు ఒరెస్ట్.

"ఎందుకంత దానగుణం మాష్టారూ?" అంది పక్క కుర్చీలోంచి ఐలా.

అదీ వాళ్ళ తొలి పరిచయం. పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. థండర్ బే లైబ్రరీ వాళ్ళు మంగళవారం సాయంత్రాలు పార్టీల మేనిఫెస్టోలను జనం ముందు తూకం వెయ్యడానికి ఇద్దరిని పిలిచారు. ఒరెస్ట్ హైస్కూల్లో లెక్కల మాష్టారు. ఐలా నగరపాలక సంస్థలో బడ్జెట్ తయారుచేసే అమ్మాయి. ఒకరు లెక్కలు నేర్పేవారు, ఒకరు లెక్కలు తేల్చేవారు. మధ్యలో టేబుల్ మీద వాగ్దానాలు, అంటే వాగుతూ చేసే దానాలు.

"ఆస్పత్రుల్లో ఎవరూ గంటలకొద్దీ కూచోనక్కర్లేకుండా చేస్తామన్నారు," ఒరెస్ట్ విడమరిచాడు. "ఎంతవుతుందో చెప్పలేదు. డబ్బెక్కణ్ణించి తెస్తారో చెప్పలేదు. అందుకని రెండు."

"ఆస్పత్రులు నడిపేది ప్రావిన్స్ ప్రభుత్వం. వీళ్ళు అడిగేది ఒట్టావా పార్లమెంటుకి వెళ్ళడానికి ఓటు. పక్కింటి పెరట్లో బంగాళదుంపలు పండిస్తానన్నవాడికి మీరు రెండు మార్కులేశారు."

జనం గొల్లుమన్నారు. ముందు వరసలో కూచున్న ఆర్వో తాత, కాగితం మిల్లులో చేసి రిటైరైన మనిషి, గులాబీ పూత పూసిన పర్షియన్ బన్ను కొరుకుతూ, "పరిధి దాటాడు బాబూ, కుదరదు," అని తీర్పు చెప్పాడు.

ఒరెస్ట్ చెవులు బన్ను రంగుకొచ్చాయి.

ఆ తర్వాత మంగళవారాల్లో వాళ్ళ పోట్లాట వినడానికే జనం పెరిగారు. ఒరెస్ట్ ఖర్చు అడిగేవాడు, ఐలా పరిధి అడిగేది. కిందటిసారి గెలిచాక ఏం చేశారని ఇద్దరూ కలిసి అడిగేవాళ్ళు. సభ అయ్యాక బయట ఏప్రిల్ వాన. వాన అనడానికి మంచు ఒప్పుకోదు, మంచు అనడానికి వాన ఒప్పుకోదు. సంకీర్ణ ప్రభుత్వం. ఆమె కారు అద్దం మీద మంచుగడ్డ గీకుతుంటే అతను గొడుగు పట్టేవాడు. నోరు హామీల గురించి మాట్లాడేది, కళ్ళు ఆమె గురించి.

"మీరు ఎప్పుడైనా ఎవరికైనా మాటిచ్చారా మాష్టారూ?" అంది ఓసారి.

"ఖర్చు తేలకుండా ఇవ్వను. తీర్చలేని మాట అబద్ధంతో సమానం."

"అబ్బో. మీ ఆవిడ కాబోయే ఆవిడ అదృష్టవంతురాలు. ముసలిదయ్యాక పెళ్ళి జరుగుతుంది."

అతను నవ్వాడు గాని ఆ రాత్రి నుంచే లెక్కలు మొదలుపెట్టాడు. ఐలాని పెళ్ళాడమని అడగాలి. అడిగేటప్పుడు ఒక్క అంకె కూడా గాల్లో ఉండకూడదు. అమ్మ ఓల్హాకి మోకాళ్ళ నొప్పులు, ఆవిణ్ణి మేడ మీంచి కిందికి మార్చాలి. ఐలా ఫిన్నిష్ పిల్ల, సౌనా లేని అపార్ట్‌మెంట్లో చలికాలం గడపడం జైలు శిక్షలా ఉందని ఎన్నోసార్లు అంది. కాబట్టి పెరట్లో దేవదారు చెక్కతో ఆవిరి గది కట్టాలి. దానికి నగరపాలక సంస్థ అనుమతి కావాలి. అన్నీ లెక్కేశాడు. ఆ హడావిడిలో ఆమెనే లెక్క చెయ్యలేదు.

ఈస్టర్ ముందు మంగళవారం, గొడుగు కింద ఆమె గీకుడు ఆపింది.

"కాలమ్ అని నాతో చదువుకున్నాడు. ఎక్కడో దూరాన హాలిఫాక్స్‌లో ఉంటాడు. పెళ్ళి చేసుకుందామంటున్నాడు. సముద్రం కనిపించే ఇల్లు, రెండు కుక్కలు, ఏటా ఓసారి ఫిన్లాండ్. శుక్రవారంలోగా చెప్పమన్నాడు."

వద్దనాలనుకున్నాడు ఒరెస్ట్. అలవాటుకొద్దీ బయటికి వచ్చింది మాత్రం వేరే.

"అతనికి ఉద్యోగం?"

"వెతుకుతున్నాడు."

"అయితే పదికి మూడు."

"నేనూ అంతే వేశాను." ఆమె అతని మొహంలోకే చూస్తోంది. "మరి మిగతా పార్టీలేమంటున్నాయి?"

"మిగతావాళ్ళ... లెక్కలింకా పూర్తి కాలేదేమో."

"శుక్రవారంలోగా అవుతాయా?"

"తొందరపడితే తప్పులొస్తాయి ఐలా."

"అవును," అంది. మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. అద్దం అప్పటికే శుభ్రంగా ఉంది.

శుక్రవారం ముందస్తు పోలింగ్, అంటే అసలు రోజుకి ముందే ఓటేసే వీలు, మొదలైంది. పండగ నాలుగు రోజులూ ఊరంతా వరసలు కట్టి ఓట్లేసి వచ్చింది. మంగళవారం పొద్దున, పెట్టెలన్నిటికీ సీళ్ళు పడ్డాక, ఓ పెద్ద పార్టీ తీరిగ్గా తన ఖర్చుల లెక్క విడుదల చేసింది.

సాయంత్రం లైబ్రరీలో ఒరెస్ట్ శివాలెత్తాడు. "జనం ఓట్లేసి ఇంటికెళ్ళాక లెక్క చూపిస్తారా? వడ్డించాల్సింది పంక్తి లేచిపోయాకా? లెక్క ఎంత సక్రమంగా ఉంటే మాత్రం ఎవరిక్కావాలది?"

చప్పట్లు మోగాయి. ఆర్వో తాత ఈల కూడా వేశాడు. ఐలా ఒక్కతే చప్పట్లు కొట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

జనం వెళ్ళాక ఇద్దరూ కుర్చీలు మడుస్తున్నారు. ఒరెస్ట్ జేబులో మధ్యాహ్నమే వచ్చిన సౌనా అనుమతి కాగితం ఉంది. ఇక ఒక్క అంకె కూడా గాల్లో లేదు.

"ఐలా, నాకో మేనిఫెస్టో ఉంది."

ఆమె తిరిగింది. అతను గుక్క తిప్పుకోకుండా చెప్పాడు: అమ్మ ఒప్పుకుంది, కింది గది సిద్ధం, పెరట్లో ఉత్తరం వైపు సౌనా, చెక్క ఎవరిస్తారో, పొయ్యి ఎక్కణ్ణించి వస్తుందో, మొదటి మంచు పడేలోగా ఎలా పూర్తవుతుందో. చివర, అందరూ మొదట చెప్పే మాట: "నువ్వంటే నాకిష్టం."

ఐలా మడిచిన కుర్చీ పట్టుకుని అలాగే నిలబడింది.

"ఆ సౌనా అర్జీ మా ఆఫీసులో నేను చూశాను. మీ అమ్మగారి మోకాళ్ళకనుకున్నాను."

"నీకోసం."

"శుక్రవారం కాలమ్‌కి సరేనన్నాను ఒరెస్ట్."

బయట వాన, మంచు ఇంకా ఒప్పందానికి రాలేదు. కిటికీ మీద టపటపమంటున్నాయి.

"నువ్వూ మూడే వేశానన్నావు," అన్నాడు ఒరెస్ట్.

"మూడే. కాని పోటీలో ఉన్నవాడు అతనొక్కడే. నువ్వు నిలబడతావేమోనని గురువారం రాత్రిదాకా ఫోన్ పక్కనే కూచున్నాను. లెక్కలేం అక్కర్లేదు, వెళ్ళకు అంటే చాలనుకున్నాను."

"అది ఏ ఆధారమూ లేని మాట కదా."

"అవును. అలాంటివే అడుగుతారు మనుషులు."

"ఇప్పుడంటే?"

"వాళ్ళమ్మ కేకు ఆర్డరిచ్చేసింది. మా నాన్న ఫోన్లో ఏడ్చాడు. ఇచ్చిన మాట నీలాంటివాడి ముందు వెనక్కి తీసుకోమంటావా?"

తీసుకో అనడానికి నోరు తెరిచాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ మాటలు నిలబడ్డాయో లేదో చూసి మార్కులేసిన నోరు. తెరుచుకుని, మూసుకుంది.

ఆమె చేతిలోని కుర్చీని విప్పి, మళ్ళీ నేల మీద వేసి, కోటుతోనే కూచుంది.

"సౌనా ఏ వైపన్నావు?"

"ఉత్తరం."

"తలుపు?"

"ఊరి సరస్సు వైపుకి."

"మొదటినుంచీ చెప్పు," అంది ఐలా. "తొందరేం లేదు."

అతను ఇంకో కుర్చీ విప్పుకున్నాడు. మొదటినుంచీ చెప్పాడు. ఈసారి ఆమె ఖర్చు అడగలేదు, పరిధి అడగలేదు, మధ్యలో ఒక్క చురకైనా వెయ్యలేదు. చెక్క వాసన దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుంది. అంతా అయ్యాక లేచి, కోటు బొత్తాలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ, "బావుంది మాష్టారూ," అంది. "చాలా బావుంది."