తగ్గుతున్న మోతాదు

అనువాదకుడు కుర్చీలోనే చచ్చిపడి ఉన్నాడు. బల్ల మీద టీ ఇంకా పొగలు కక్కుతోంది. అంటే చంపినవాళ్ళు దూరం పోలేదు. ఈ బిల్డింగులోనే ఉన్నా ఉండొచ్చు.

ఏజెంట్ గువ్వ తలుపు గొళ్ళెం పెట్టి, మళ్ళీ లాగి చూసింది.

"ఆ విదేశీ ముఠా మెసేజీలు చదవగలిగినవాడు ఇతనొక్కడే," అన్నాడు బాస్. "రెండొందలున్నాయి. ఇక ఏఐ మోడళ్ళే చదవాలి."

"ఎంతసేపు సార్? వేగంగా చదివే మోడల్ ఉందిగా." టెక్నికల్ ఆఫీసర్ నెమలి సిల్కు స్కార్ఫు సర్దుకుంటూ లాప్‌టాప్ నొక్కింది. నిమిషంలో సారాంశం వచ్చింది: ఒక తల్లి, జ్వరంతో చంటిబిడ్డ, రోజూ మందు మోతాదులు. అనుమానించాల్సిందేమీ లేదు.

"ఎవరింట్లోనో గోల. హాయిగా ఇళ్ళకు పోండి." నవ్వుతూ గొళ్ళెం తీసి వెళ్ళిపోయింది నెమలి.

గువ్వ ఆ సారాంశాన్ని మళ్ళీ చదివింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు.

"సార్, బిడ్డకు జ్వరమొస్తే తల్లి ముందు చెప్పేది ఎంత జ్వరమో. ఆ ఊసే లేదేం?"

"కుదించింది కదమ్మా, వదిలేసి ఉంటుంది."

"అదే నా భయం. కబుర్లకు వేగం మోడలు, అంకెలకు నిదానం మోడలు వాడాలని గోడకు చార్టు అంటించింది నెమలే కదండీ. మరి ఇన్ని అంకెలకు వేగందాన్నెందుకు వాడింది?"

బాస్ నెమలి వెళ్ళిన తలుపు వైపు చూశాడు.

గువ్వ నిదానంగా ఆలోచించే పెద్ద మోడల్ తెరిచింది. సారాంశం అడగలేదు. ప్రతి మోతాదూ, టైమూ వరసగా రాసి తేడా ఎక్కడుందో చెప్పమంది. పదకొండు నిమిషాలు పట్టింది. ఆమెకు పదకొండేళ్ళు గడిచినట్టుంది.

జవాబు: జ్వరమెంతో ఒక్కచోటా లేదు. నాలుగు రోజులుగా మోతాదు తగ్గుతోంది. ఆఖరిది ఈరోజు మధ్యాహ్నం రెండింటికి. సున్నా.

"నాలుగు రోజులుగా ఆక్సిజన్ ప్రెషర్ పడిపోతోందని పెద్దాసుపత్రి కంప్లైంటు!" బాస్ ఫైలు లాగాడు. అంకెలు అచ్చంగా అవే. "చంటిపిల్లల వార్డు లైను. ముప్పై ఒక్కమంది!"

అప్పుడు టైము ఒకటీ నలభై.

ఒకటీ యాభై ఏడు. మెకానిక్ వేషంలో, స్పానరుతో గువ్వ ఆసుపత్రి గ్యాస్ గదిలోకి దూరింది. పైపుకు ముఠా బిగించిన నల్లడబ్బా. దాని మీద సెకన్లు తగ్గుతున్నాయి. నాలుగు స్విచ్‌లు, పక్కన విదేశీ అక్షరాలు. తప్పుది నొక్కితే పైన పసివాళ్ళు... ఆమె ఆ ఊహను బలవంతాన మింగింది. ఫోన్లో సిగ్నల్ లేదు.

"నీ పెద్ద మోడల్‌ని అడగవూ?" వెనక నెమలి, చేతిలో పిస్టల్. "నెట్ నేనే కోసేశా."

"అనువాదకుణ్ణి చంపింది నువ్వేనా?"

"మరేం చెయ్యను? బిడ్డకు జ్వరమెంత అని అడిగాడు."

"ఫోన్లోనే ఉండే చిన్న మోడల్ చాల్లే నాకు," అంది గువ్వ. "అది నెట్ లేకున్నా పనిచేస్తుంది. దానికి ఆలోచించడం రాదు. లేబుల్ చదవడం వచ్చు."

స్విచ్‌ల వైపు పట్టిన ఫోన్ కెమెరా లేబుళ్ళు అప్పటికే చదివేసింది. మూడోది: రద్దు.

గువ్వ స్పానర్ విసిరింది. అది నెమలి మణికట్టుకు తగిలింది. పిస్టల్ పేలి గుండు గోడలో దిగింది. డబ్బా మీద రెండు సెకన్లుండగా గువ్వ మూడో స్విచ్ నొక్కింది. పైపులో ఆక్సిజన్ బుస్సుమని కదిలింది. బాస్ మనుషులు తలుపు పగలగొట్టి వచ్చి, నెమలిని పెడరెక్కలు విరిచికట్టారు.

గువ్వ వార్డుకు పరిగెత్తింది. పిల్లల్ని లెక్కపెట్టింది. ముప్పై ఒకటి. నమ్మకం చాలక మళ్ళీ లెక్కపెట్టింది.

బాస్ రొప్పుతూ వచ్చాడు. "మంత్రిగారికి అర్జెంటుగా రిపోర్టు పంపాలి. ఏ మోడల్‌తో రాయిద్దాం?"

"వేగందే చాలు సార్," అంది గువ్వ. "ఆయన చదివేది మొదటి లైనేగా."