చేదు పొర

ఉప్పుగని శాంపిల్ రూము గుమాస్తా ముప్పై ఏళ్లు ఉప్పు నాకి బతికాడు. నాలుక మీద ఎర్రటి ఉప్పుగల్లుతోనే పోయాడు. మెడ వెనక సూది గాటు ఉంది. మృత్యువు సైతం ఆయన ఉద్యోగ ధర్మానికి అంతరాయం కలిగించలేదు.

"అక్కడ కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఉండేది," అన్నారు గూఢచారి శాఖ చీఫ్, దాన్ని తానే బదిలీ చేసినంత నిబ్బరంగా. "దారి మూసుకుపోయి ఎండింది. మొదట సున్నపురాయి దిగింది, తర్వాత జిప్సం. ఆపైన మనం తినే తెల్ల ఉప్పు, సోడియం, క్లోరిన్‌ల కాపురం, వందల మీటర్ల మందాన. చిట్టచివర మిగిలింది చేదు: పొటాషియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు తగిలితే ముందు కరిగేవి అవే."

"పైన మట్టి కప్పేసిందా సార్?"

"కప్పింది. మట్టి నొక్కుకుని బరువెక్కింది, ఉప్పు ఎక్కలేదు. తేలికది కదా, పిండిముద్దలా జారుతూ రాళ్లను చీల్చుకుని గుమ్మటంలా లేచింది. దాని నెత్తిన ఊరు. నలభై వేలమంది."

"అందులో మా ఆవిడ ఒకతి సార్. పుట్టింట్లో ఉంది."

"తెలుసు. మీ మామగారక్కడ పంపు మేస్త్రీ. నీళ్లతో ఉప్పును కరిగించి గదులు చేస్తారు. ఆరో గదిలో దేశానికి ఆర్నెల్ల గ్యాస్ ఉంది. పక్కనే ఏడో గదికి ఇవాళ సాయంత్రం నాలుగింటికి నీళ్లు వదులుతారు. విదేశీ ముఠా ఏదో పన్నింది, గుమాస్తా కనిపెట్టాడు. వెళ్లు. 'సీతాకోక'ని కలువు, ముఠాలో మన మనిషి."

గొంతు పెంచడం ఎరుగనందున డిపార్ట్‌మెంట్ 'సౌమ్యుడు' అని పిలిచే ఆ ఏజెంట్, అద్దె మీసంతో కొత్త గుమాస్తాగా శాంపిల్ రూములో ప్రత్యక్షమయ్యాడు. బీరువాల నిండా భూమి నుంచి డ్రిల్ చేసి తీసిన ఉప్పు కడ్డీలు. ఉప్పుగాలికి ట్రాన్స్‌మిటర్ పెన్ను గంటలోనే తుప్పు పట్టి వీరమరణం పొందింది.

మూడున్నరకి ముత్యాల దండతో జియాలజిస్టు మేడమ్ వచ్చింది.

"సముద్రం ఎండిందా?" అన్నాడు సౌమ్యుడు.

"అడుగు ఇంకా తడిగానే ఉంది."

కోడ్ సరిపోయింది. సీతాకోక రిజిస్టరు తెరిచింది. "ఆరుకీ ఏడుకీ నడుమ గోడంతా తెల్ల ఉప్పే. నిశ్చింతగా ఉండు." సెంటు వాసన మిగిల్చి వెళ్లిపోయింది.

టేబుల్ ఒక కాలు పొట్టిది. దాని కింద ఎత్తుగా పెట్టిన దుమ్ము కొట్టుకుపోయిన కడ్డీని సౌమ్యుడు లాగాడు. చీటీ మీద గుమాస్తా దస్తూరి: 'ఆరు-ఏడు గోడ'. దుమ్ము వదిలిద్దామని కుళాయి కింద పెట్టాడు.

ఆ గనిలో పసివాడైనా ఆ పని చేయడు. కడ్డీని కడిగేది మూలనున్న బకెట్లోని చిక్కటి ఉప్పునీటితో; ఇక ఒక్క గల్లు కూడా కరిగించుకోలేని ఆ నీరు కడ్డీని ఏమీ చేయదు.

కడ్డీ చిటపటలాడింది. తెలుపు మధ్యలోని ఎర్రటి పట్టీ కళ్ల ముందే గుంటలు పడి కరుగుతోంది. వేలితో అద్ది నాలుకకు రాసుకున్నాడు.

చేదు.

"నీళ్లతో కడిగావా?" గుమ్మంలో సీతాకోక, చేతిలో లిప్‌స్టిక్ ఆకారపు పిస్తోలు. "చెవులారా విన్నాను. ఉప్పు మనిషివి కావు, పాపం."

"రిజిస్టరు మార్చింది నువ్వేనా?"

"గుమాస్తా నాకి కనిపెట్టాడు, ఏం చేయను? నీళ్లు ఒకసారి ఆ పొరలోకి దూరితే వెనక్కి రావు. రేపటికి గోడ ఉండదు. ఎల్లుండికి ఊరుండదు."

గోడగడియారంలో నాలుగుకి ఇంకా రెండే నిమిషాలు. సౌమ్యుడు కాలితో బకెట్‌ను లేపి కొట్టాడు. ముప్పై ఏళ్ల ఉప్పునీరు ఆమె కళ్లలోకి కొట్టింది. తూటా పైకప్పులోకి పోయింది. ఆమెను బీరువా పిడికి సంకెళ్లేసి ఫోనెత్తాడు.

"మామయ్యగారూ, వాల్వు తిప్పొద్దు."

"అల్లుడుగారా? మీరు ఇన్సూరెన్సు ఆఫీసులో కదూ ఉండాలి?"

"ఏడో గది గోడలో చేదు పొర ఉంది."

"రిజిస్టర్లో తెల్ల ఉప్పనుంది బాబూ. ఇంజనీరుగారి సంతకం కూడా ఉంది. టైమైంది." ఫోనులో ఇనుపచక్రం కిర్రుమంది.

ఊళ్లో తన భార్య ఈపాటికి టీ పెట్టుకుంటూ ఉంటుంది. సౌమ్యుడు జీవితంలో మొదటిసారి గొంతు పెంచాడు. "నేను నాకి చూశాను!"

చక్రం ఆగింది.

"నాలుక మీద ఒట్టేనా?"

"ఒట్టు."

రిజిస్టరు అబద్ధమాడవచ్చు, ఆ గనిలో నాలుక ఆడదు. చక్రం వెనక్కి తిరిగింది.

పావుగంటకు మేస్త్రీ వచ్చాడు. కళ్లు కడుక్కోవడానికి నీళ్లడుగుతున్న సుందరిని దాటుకుని కుళాయి తొట్టి దగ్గర ఆగాడు. అందులో బొటనవేలంత కడ్డీ మిగిలింది.

"దీన్ని కుళాయి కింద పెట్టిందెవరు?"

నలభై వేలమందిని కాపాడిన వీరుడు నేలచూపులు చూశాడు.

మేస్త్రీ నిట్టూర్చాడు. "అమ్మాయికి మీది ఇన్సూరెన్సనే చెబుదాం బాబూ. గూఢచారని తెలిస్తే సర్దుకుంటుంది గానీ, ఇది తెలిస్తే కాపురానికి రాదు."