తండ్రికైనా మినహాయింపు లేదు

ఆసుపత్రుల రికార్డులు కంపెనీకి అప్పగించే ఒప్పందంపై సంతకం పెట్టనని మొండికేసిన ప్రభుత్వ ఇంజనీరు లిఫ్టు గుంతలో శవమై దొరికాడు. కంపెనీ కానుకగా ఇచ్చిన చేతిగడియారం, పెట్టె విప్పకుండానే, అతని జేబులో ఉంది.

"పుచ్చుకోలేదు. అందుకే పోయాడు," అన్నాడు పెద్దాయన ఫోటోను బోర్లిస్తూ. గూఢచార విభాగంలో ఆయన మాటే వేదం. "మిగతా తొమ్మిదిమంది అధికారులు పెట్టుకున్నారు. గడియారమూ, సంతకమూ."

ముంగిస అనే మారుపేరు గల ఏజెంటు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"మిషన్ చెప్పండి సార్."

"పన్నెండు ఆసుపత్రుల రికార్డులు ఈ ఉదయమే కంపెనీ సర్వర్లలోకి చేరాయి. ఇక మన పాత కాపీని చెరిపేస్తారు. ఆ తర్వాత రోగి రక్తం ఏ గ్రూపో తెలియాలన్నా వాళ్ల గుమ్మం ముందు చేయి చాచాలి. వెనక ఉన్నది పరాయి ముఠా. చెరిపేది పన్నెండింటికని నెమలి కబురు పంపింది."

నెమలి ఆ కంపెనీ స్ట్రాటజీ అధిపతి. రహస్యంగా మన మనిషి.

"మీ అక్కయ్య ఆపరేషన్ కూడా ఇవాళేగా?"

"పదకొండున్నరకి. ఆవిడకి ఏ మత్తుమందు పడదో ఆ రికార్డులోనే ఉంది."

పెద్దాయన సొరుగు తెరిచాడు. కోడ్ మాటలు రాసిన చీటీ, చెరిపివేతను ఆపే పెన్‌డ్రైవ్‌ను పిడిలో దాచిన స్క్రూడ్రైవర్ ముందుకు తోశాడు.

పదిన్నరకు ముంగిస ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ గదిలో ఉన్నాడు. అద్దం గోడకు ఆవల నెమలి ప్రసంగిస్తోంది. పట్టుచీర, ముత్యాల నవ్వు, అత్తరు ఘుమఘుమ. పాలు పైకి తేలిన విషకుంభం.

"మన సర్వర్లు పోటీవాళ్లకంటే గొప్పవి కానక్కర్లేదు. ముందు ఉచితం, తర్వాత అలవాటు, ఆ పైన బయటికి దారి లేకపోతే చాలు! ఏడాది లైసెన్స్ గడువు తీరిన క్షణాన మన సాఫ్ట్‌వేర్ ఏ పనీ చేయదు. కన్నతండ్రికైనా మినహాయింపు లేదు!"

ముందు వరుసలో ఆ తొమ్మిదిమంది అధికారులు చప్పట్లు చరిచారు. తమ ఊరి మెడకు ఉరి పేనుతుంటే తాడు అందిస్తున్న చేతులవి! ఒక్కొక్క మణికట్టు మీదా అదే గడియారం తళుక్కుమంది. ముంగిసకు పురుగు పట్టిన అన్నం చూసినంత రోత పుట్టింది.

కాసేపటికి నెమలి ఒంటరిగా లోపలికి వచ్చింది.

"గది చల్లబడిందా?"

"చల్లబడింది. చెమటే ఆరలేదు."

కోడ్ కుదిరింది. అతడు పెన్‌డ్రైవ్ తీస్తూ తెర వైపు చూశాడు. చెరిపే వేళ: పదకొండు. ఇంకా మూడు నిమిషాలు!

"పన్నెండన్నావు!"

"రెండు చోట్ల కొలువు చేసేదాన్ని తమ్ముడూ, ఒకచోట అబద్ధమాడక తప్పుతుందా?" నెమలి చేతిసంచిలోనుంచి పిస్తోలు వెలికి తీసింది. అతని చేతినుంచి జారిన పెన్‌డ్రైవ్ ఆమె మడమ కింద పటుక్కున విరిగింది.

ముంగిస పళ్లు టకటకలాడిస్తూ వణికాడు. "చలికి చస్తున్నాను. ఏసీ అయినా తగ్గించనీ."

"పోయేవాడివి, వెచ్చగా పో!"

స్లైడులలో తప్ప సర్వరును ఏనాడూ చేత తాకని స్ట్రాటజీ అధిపతి ఆమె. గోడకున్న పెట్టెలలో ఏది ఏసీదో, ఏది కంపెనీ యంత్రాలన్నింటికీ తేదీ, సమయం అందించేదో ఆమె ఎరుగదు. ముంగిస రెండవ పెట్టె మీట నొక్కి సంవత్సరాన్ని ఒకటి ముందుకు జరిపాడు.

ఆమె చేతిగడియారంలో పదకొండయింది. నెమలి చెరిపే మీట నొక్కింది.

తెరపై అక్షరాలు వెలిగాయి: మీ లైసెన్స్ గడువు తీరినది. ఏ పనీ చేయబడదు.

మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. భస్మాసురుడి చేయి తన తలమీదికే వచ్చింది! ఆమె నివ్వెరపోయిన ఆ అరక్షణంలోనే ముంగిస పిస్తోలు లాగేసుకున్నాడు. ఆసుపత్రుల పాత యంత్రాలు మాత్రం ఎవరి గడువుతోనూ నిమిత్తం లేకుండా, ముసలి ఎద్దుల్లా, తమ పని తాము చేసుకుపోతున్నాయి.

బయట కాపు కాసిన పెద్దాయన మనుషులు తలుపు బద్దలుకొట్టుకొని వచ్చారు. ఇంతలో ఆసుపత్రి నుంచి ఫోన్: "రికార్డు చూశాం. మీ అక్కగారికి మందు మార్చాం. భయం లేదు."

అప్పుడు తెరమీద రెండో వాక్యం ప్రత్యక్షమయింది: మా ప్రతినిధి మూడు పనిదినాలలో మిమ్మల్ని సంప్రదించగలరు.

ముంగిస ఆ ప్రతినిధి చేతులకు సంకెళ్లు బిగించాడు.

"మూడు రోజులంటే కష్టమే అక్కాయ్," అన్నాడు. "పద్నాలుగేళ్లని మార్చమంటాను."